నిరాకరణమునకు వెల
(మద్యపరీక్షను కాదనిన మోటారు చోదకులును, వారి అప్పీళ్లును: ప్రసంగ పాఠము)



అర్ధరాత్రి దాటినవేళ ఒక రహదారి ప్రక్కన పోలీసు అధికారి యొకడు ఒక మోటారుకారును నిలుపుచేయును. కారు వంకరటింకరగా నడచినది. చోదకుని నోట మద్యపు వాసన వచ్చుచున్నది. "ఈ గొట్టములో ఊదుడు" అని అధికారి యడుగును. "ఊదను" అని చోదకుడు బదులు చెప్పును. మూడక్షరముల ఆ మాటకు న్యాయశాస్త్రములో ఫలమేమి? అది నేరమా? నేరమునకు సాక్ష్యమా? లేక స్వతంత్ర దేశమందలి పౌరునికి గల హక్కా? ఈ ప్రశ్నలకు అమెరికా సంయుక్త రాష్ట్రముల న్యాయస్థానములు డెబ్బది సంవత్సరములకు పైగా సమాధానములు వెదకుచున్నవి. ఆ వెదకులాటలో తేలిన సారమును, దానికిని మన దేశపు చట్టమునకును గల పోలికను వివరించుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఈ వివాదమున ఉభయ పక్షములందును బరువున్నదని మొదటనే గ్రహింపవలయును. 2014వ సంవత్సరమున అమెరికాలో మద్యము సేవించిన చోదకుల మూలమున జరిగిన ప్రమాదములలో 9,967 మంది మరణించిరి. సగటున ఏబది మూడు నిమిషములకు ఒక ప్రాణము పోయినదన్నమాట. వారిలో ఎందరో ఆనాడు మద్యము ముట్టనివారు. ఎదుటినుండి వచ్చిన బండిలో కూర్చుండియుండుటయే వారు చేసిన పాపము. ఇక రెండవ పక్షము చూడుడు. మనుష్యుని ఊపిరియు నెత్తురును అతనివి. అతని యింటి గడప దాటుటకే ప్రభుత్వమునకు వారంటు కావలయుననినపుడు, అతని చర్మము దాటి సూది గ్రుచ్చుటకు ఎంతటి యధికారము కావలయును? అంతియే కాదు. బస్సులు నడవని ఊళ్లు అమెరికాలో పెక్కులు గలవు. అట్టిచోట లైసెన్సు పోయినవానికి ఉద్యోగమునకు పోవు దారియు మూసికొనిపోవును. కావున ఒక వైపున ప్రాణములు, మరియొక వైపున శరీర స్వాతంత్ర్యమును జీవనోపాధియు తూగుచున్నవి.

చట్టమును చెప్పుటకు ముందు పరీక్షనుగూర్చి కొంత తెలియవలయును. త్రాగిన మద్యము కడుపునుండియు, చిన్న ప్రేగునుండియు రక్తములో కలియును. రక్తము ఊపిరితిత్తులను చేరినపుడు అందులోని మద్యము కొంత ఆవిరియై శ్వాసలోనికి వచ్చును. ఒక పాలు రక్తములో ఎంత మద్యముండునో సుమారు 2100 పాళ్ల శ్వాసలో అంత మద్యముండునను లెక్కపైననే శ్వాసపరీక్ష యంతయు ఆధారపడియున్నది. ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్యుడు రోలా హార్గర్ 1930ల దశకమున "డ్రంకోమీటరు" అను సాధనమును నిర్మించెను. ఇండియానా రాష్ట్ర పోలీసుశాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో "బ్రెత్‌లైజరు"ను కనిపెట్టెను. పసుపుపచ్చని పొటాషియం డైక్రోమేటు ద్రావణము గుండ శ్వాసను పంపినచో అందులోని మద్యమును బట్టి పసుపు రంగు తరిగిపోవును. ఆ తరుగును కాంతితో కొలిచి మద్యము పాలెంతో చెప్పుదురు. ఇపుడు వేరు విధములైన యంత్రములు వచ్చినను మూలసూత్రము మారలేదు.

ఇచట గమనింపదగిన విషయము మరియొకటి కలదు. దొంగిలించిన సొమ్ము దాచినచోట దాచినట్లే యుండును. రక్తములోని మద్యము అట్లుండదు. గంటకు సుమారు 0.015 మొదలు 0.020 శాతము వంతున అది తనంతట తానే తరిగిపోవును. సాక్ష్యము క్షణక్షణము కరిగిపోవుచుండగా వకీలును పిలువవలయునని చోదకుడు కోరును. కాలహరణము కూడదని పోలీసులు తొందరింతురు. న్యాయస్థానములకెక్కిన వివాదములలో అధికభాగమునకు ఈ తొందరయే మూలము. అమెరికాలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 80 మిల్లీగ్రాముల మద్యము, అనగా 0.08 శాతము, హద్దుగా 2004 నాటికి అన్ని రాష్ట్రములును అంగీకరించినవి. యూటా రాష్ట్రము మాత్రము 2018 డిసెంబరు నుండి ఆ హద్దును 0.05 శాతమునకు తగ్గించినది.

ఇక న్యాయచరిత్ర. 1952లో రోచిన్ కేసు అమెరికా సుప్రీం కోర్టునకు వచ్చినది. అది మోటారు కేసు కాదు. మాదక ద్రవ్యపు మాత్రలను మ్రింగివేసిన ఒకనిని పోలీసులు ఆసుపత్రికి కొనిపోయి, గొట్టముతో మందు పోయించి, బలవంతముగా కక్కించిరి. ఇట్టి పని మనస్సాక్షిని గగుర్పొడిపించునదని న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ వ్రాసి, ఆ సాక్ష్యమును త్రోసివేసెను. సాక్ష్యముకొరకు శరీరముపై చేయు బలప్రయోగమునకు హద్దు కలదని ఈ తీర్పుతో తేటపడినది. పెనగులాడుచున్న చోదకుని పట్టుకొని రక్తము తీయుట ఆ హద్దుకు ఏ వైపున నుండునను సంశయము సహజముగనే కలిగినది.

ఆ సంశయమునకు తావులేని ఉపాయమొకటి 1953లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభ కనిపెట్టినది. దానిని గర్భితాంగీకార సిద్ధాంతమని చెప్పవచ్చును. రహదారిపై కారు నడుపుట ప్రభుత్వము అనుమతితో అనుభవించెడి సౌకర్యము. ఆ సౌకర్యమును అనుభవించువాడు, మత్తులో నడపినాడను సహేతుకమైన అనుమానము కలిగినపుడు, పరీక్షకు ముందుగనే యొప్పుకొన్నట్లు భావింపబడును. అయినను ఆ సమయమున అతడు కాదనవచ్చును. కాదనినచో అతనిని పట్టి బంధింపరు, సూది గ్రుచ్చరు. లైసెన్సు మాత్రము తీసికొందురు. బలప్రయోగమునకు బదులుగా చట్టము నిరాకరణమునకొక వెల కట్టినదన్నమాట. క్రమముగా అన్ని రాష్ట్రములును ఈ పద్ధతినే అవలంబించినవి. నాటినుండి నేటివరకు వచ్చిన అప్పీళ్లనన్నింటిని ఒక్క ప్రశ్నగా కుదింపవచ్చును: ఆ వెల ఎంత యుండవచ్చును, దానిని ఎవరు, ఎట్లు వసూలు చేయవచ్చును?

1957లో న్యూమెక్సికో రాష్ట్రమునుండి బ్రైటాప్ట్ కేసు వచ్చినది. ఒక ట్రక్కు మరియొక కారును ఢీకొనగా ముగ్గురు మరణించిరి. స్పృహ తప్పియున్న ట్రక్కు చోదకుని దేహమునుండి ఆసుపత్రిలో వైద్యుడు రక్తము తీసెను; అందులో 0.17 శాతము మద్యము కనబడినది. ఆరుగురు న్యాయమూర్తులు ఆ సాక్ష్యము చెల్లుననియు, ముగ్గురు చెల్లదనియు చెప్పిరి. వైద్యుడు ఆసుపత్రిలో నెమ్మదిగా తీసిన రక్తమునకును, గొట్టము వేసి కక్కించుటకును పోలిక లేదని అధిక సంఖ్యాకుల అభిప్రాయము.

1966లో వచ్చిన శ్మెర్బర్ కేసు ఇంకను ముఖ్యమైనది. ఇచట చోదకునికి స్పృహ కలదు. వకీలు సలహాపై అతడు స్పష్టముగా కాదనెను. అయినను పోలీసు అధికారి యాజ్ఞపై వైద్యుడు రక్తము తీసెను. తనకు విరుద్ధముగా తానే సాక్ష్యమిచ్చునట్లు ఎవనిని నిర్బంధింపరాదని అమెరికా రాజ్యాంగముయొక్క అయిదవ సవరణ చెప్పుచున్నది గదా! నెత్తురు సాక్ష్యమిచ్చుట తాను సాక్ష్యమిచ్చుట కాదా? కాదని సుప్రీం కోర్టు అయిదుగురు నలుగురు న్యాయమూర్తుల తేడాతో నిర్ణయించెను. నోటితో పలుకుట, వ్రాతతో తెలుపుట సాక్ష్యమగును. నెత్తురు వస్తువు మాత్రమే యని న్యాయమూర్తి బ్రెన్నన్ వ్రాసెను. ఆనాటి పరిస్థితులలో వారంటుకొరకు వేచియుండుటకు వ్యవధి లేదనియు కోర్టు అంగీకరించెను. అయితే ఆ తీర్పు ఆ కేసులోని విషయములకే పరిమితమని హెచ్చరించుట మరువలేదు. ఆ హెచ్చరికయే నలుబది యేడు సంవత్సరముల తరువాత మరియొక చోదకునికి అక్కరకు వచ్చినది.

ఇంతవరకు చెప్పినవి శిక్షకు సంబంధించిన కేసులు. లైసెన్సు సంగతి వేరు. లైసెన్సు ప్రభుత్వపు దయాధర్మమా, లేక పౌరుని సొత్తా? 1971లో జార్జియా రాష్ట్రమునుండి వచ్చిన బెల్ కేసు దీనిని తేల్చినది. మూడు పల్లెల క్రైస్తవ సంఘములను కారులో తిరిగి చూచుకొనెడి మతబోధకుని కారునకు అయిదేండ్ల బాలిక యొకతె సైకిలుతో వచ్చి ప్రక్కగా తగిలినది. అతనికి భీమా లేదు. తప్పెవరిదో విచారింపకయే అతని లైసెన్సును నిలిపివేయుటకు పూనుకొనిరి. ఒకసారి ఇచ్చిన లైసెన్సు జీవనోపాధికి ఆధారమగుననియు, తగిన విచారణ లేక దానిని తీసికొనరాదనియు సుప్రీం కోర్టు చెప్పినది. ఈ కేసులో మద్యమునకు తావు లేదు. కాని పరీక్షను కాదని లైసెన్సు పోగొట్టుకొనిన ప్రతి చోదకుడును తరువాత ఈ తీర్పునే ఆశ్రయించెను.

1979లో మాసచూసెట్సు రాష్ట్రపు మాంట్రిమ్ కేసులో ఆ యాశ్రయమునకు పరీక్ష వచ్చినది. ఒక చోదకుడు మొదట ఊదననెను. ఇరువది నిమిషములలో వకీలుతో మాటలాడి, ఊదెదనని తానే యడిగెను. పోలీసులు ఇక వీలుకాదనిరి. మత్తులో నడపినాడను నేరారోపణము కోర్టులో కొట్టివేయబడినది. అయినను మొదట కాదనినందుకు తొంబది దినములు లైసెన్సు నిలిపివేయబడినది. అదియును విచారణకు ముందే. ముందు శిక్ష, పిమ్మట విచారణ యనుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట కాదా యని అతని వాదము. అయిదుగురు న్యాయమూర్తులు ఆ వాదమును అంగీకరింపలేదు. లైసెన్సు అప్పగించిన వెంటనే కార్యాలయములో విచారణ కోరుటకు వీలున్నది గనుకను, రహదారుల క్షేమము ఆలస్యమును సహింపదు గనుకను, ఆ పద్ధతి రాజ్యాంగబద్ధమేనని తీర్మానించిరి. నలుగురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయము తెలిపిరి. నిరాకరించినాడా లేదా యను విషయమే వివాదమైనపుడు, ఒక్క పోలీసు అధికారి మాటపై శిక్ష విధించుట ఎట్లని వారి సంశయము. ఆ సంశయము నేటికిని సంపూర్ణముగా తీరినదని చెప్పజాలము.

1983లో దక్షిణ డకోటాకు చెందిన నెవిల్ కేసులో వెల మరికొంత పెరిగినది. పరీక్షకు రమ్మనగా, తాను మిక్కిలి త్రాగియున్నాననియు, పరీక్షలో నెగ్గజాలననియు చోదకుడు తానే చెప్పి కాదనెను. లైసెన్సు పోవునని పోలీసులు అతనిని హెచ్చరించిరి. అతని నిరాకరణమును కోర్టులో అతనికి విరుద్ధముగా వాడుదుమని మాత్రము హెచ్చరింపలేదు. అయినను ఆ నిరాకరణమును జ్యూరీకి తెలుపవచ్చునని సుప్రీం కోర్టు చెప్పినది. చట్టము అతనికి రెండు దారులు చూపినది. రెండును కష్టమైనవే కావచ్చును, కాని కష్టమైన ఎంపిక నిర్బంధము కాదని కోర్టు అభిప్రాయము. చోదకునికిది ముందు నుయ్యి వెనుక గొయ్యిగా కనబడుట సహజము. ఊదినచో యంత్రము సాక్ష్యమిచ్చును. ఊదనిచో మౌనము సాక్ష్యమిచ్చును.

తరువాత కొన్ని రాష్ట్రములు మరియొక యడుగు ముందుకు వేసి, నిరాకరించుటయే ప్రత్యేక నేరమని శాసనములు చేసినవి. దీనికి కారణము లేకపోలేదు. పలుమారులు పట్టుబడి కఠిన శిక్షకు గురికాగల చోదకుడు, లైసెన్సు పోయినను సరే, సాక్ష్యము దొరకకుండుటయే మేలని కాదనుట నేర్చుకొనెను. చిన్న వెల చెల్లించి పెద్ద శిక్షనుండి తప్పించుకొనుచున్నాడని ప్రభుత్వముల ఫిర్యాదు.

ఈ దశలో రెండు తీర్పులు వచ్చినవి. మొదటిది 2013లో మిస్సోరీనుండి వచ్చిన మెక్‌నీలీ కేసు. రాత్రి రెండు గంటలు దాటిన తరువాత నిలుపబడిన చోదకుడు శ్వాసపరీక్షను, రక్తపరీక్షను రెండింటిని కాదనెను. అరగంటలోపుగనే ఆసుపత్రిలో అతని రక్తము తీయబడినది. పోలీసు అధికారి వారంటుకొరకు ప్రయత్నింపనైన లేదు. మద్యము కరిగిపోవుననుట ఒక్కటియే వారంటు లేకుండుటకు ఎల్లవేళల చాలిన కారణము కాదని సుప్రీం కోర్టు చెప్పినది. శ్మెర్బర్ కేసునాడు మేజిస్ట్రేటు వద్దకు పోవలసియుండెను. నేడు టెలిఫోనులో నిమిషములపై వారంటు పొందవచ్చును. వ్యవధి యున్నచోట వారంటు తేవలసినదే.

రెండవది 2016లో వచ్చిన బర్చ్‌ఫీల్డ్ తీర్పు. అందులో ముగ్గురు చోదకుల అప్పీళ్లు కలిపి విచారింపబడినవి. ఉత్తర డకోటాలో కారును రహదారి ప్రక్క గోతిలోనికి నడిపిన మొదటివాడు రక్తపరీక్షను కాదనెను. కాదనుటయే నేరముగా శిక్షింపబడెను. మిన్నెసోటాలో నది యొడ్డున పడవను లాగబోయి చిక్కుకొనిపోయిన ట్రక్కు వద్ద పట్టుబడిన రెండవవాడు శ్వాసపరీక్షను కాదనెను. ఉత్తర డకోటాకే చెందిన మూడవవాడు, కాదనుట నేరమని పోలీసులు చెప్పగా, రక్తమిచ్చెను. విచారణానంతరము రెండు సంవత్సరములు లైసెన్సు పోగొట్టుకొనెను.

సుప్రీం కోర్టు ఈ ముగ్గురికిని ఒకే సమాధానము చెప్పలేదు. శ్వాసపరీక్ష శరీరమును గాయపరుపదు. ఊదిన శ్వాస ఎటులైనను బయటికి వచ్చునదే. మద్యపు పాలెంతయో తప్ప మరేమియు ప్రభుత్వము చేతిలో మిగులదు. కావున న్యాయబద్ధముగా అరెస్టయినవాడు శ్వాసపరీక్షకు వారంటు కోరజాలడు. కాదనుటను నేరముగా చేయవచ్చును. రెండవవాని అప్పీలు ఓడిపోయినది. రక్తపరీక్ష అట్టిది కాదు. అది చర్మమును ఛేదించును. తీసిన రక్తమును భద్రపరచి, మద్యము మాత్రమే కాక మరి యితర విషయములను గూడ తెలిసికొనవచ్చును. కావున రక్తపరీక్షకు వారంటు కావలయును. అది లేక అడిగినప్పుడు కాదనినవానిని నేరస్థుని చేయరాదు. మొదటివాడు గెలిచినాడు. మూడవవాని కేసు తిరిగి రాష్ట్ర న్యాయస్థానమునకు పంపబడినది; చట్టవిరుద్ధమైన బెదిరింపు వినిన తరువాత ఇచ్చిన అంగీకారము నిజమైన అంగీకారమగునా యని పరిశీలింపుమని కోర్టు ఆదేశించినది. లైసెన్సు తీసికొనుట, నిరాకరణమును సాక్ష్యముగా చూపుట వంటి వెలలను మాత్రము ఈ తీర్పు ముట్టలేదు. స్పృహ లేని చోదకుని విషయమున సాధారణముగా వారంటు లేకయే రక్తము తీయవచ్చునని 2019లో మిచెల్ కేసులో నలుగురు న్యాయమూర్తులు అభిప్రాయపడిరి. అయిదవ న్యాయమూర్తి వేరు కారణముతో ఆ ఫలితమునకు తోడ్పడెను.

ఇవి సర్వోన్నత న్యాయస్థానమున తేలిన సిద్ధాంతములు. సామాన్య చోదకుడు అంతదూరము పోడు. అతని అప్పీలు మోటారు వాహనముల శాఖలోని విచారణాధికారి యెదుట మొదలగును. న్యూయార్కు రాష్ట్రములో ఆ విచారణ నాలుగు ప్రశ్నలకు పరిమితమై యుండును. చోదకుడు మత్తులో నడిపినాడని నమ్ముటకు అధికారికి సహేతుకమైన కారణము కలదా? అరెస్టు చట్టబద్ధమా? నిరాకరణ ఫలితమును ముందుగా స్పష్టమైన మాటలలో తెలిపిరా? నిజముగా నిరాకరించినాడా? ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను లైసెన్సు రద్దు నిలువదు. చోదకుడు త్రాగినాడా లేదా యనునది ఇచట ప్రశ్నయే కాదు. ఈ సంగతి తెలియక, "త్రాగలేదు గదా, భయమేల?" యని విచారణకు వచ్చి ఓడిపోవుటకు అవకాశమున్నది. క్రిమినలు కేసు కొట్టివేయబడినను లైసెన్సు విచారణ వేరుగా నడచును. అచట రుజువుకు కావలసిన బరువు కూడ తక్కువ.

నాలుగవ ప్రశ్నయే తరచుగ చిక్కులు తెచ్చును. కాదని నోటితో చెప్పుట ఒక్కటియే నిరాకరణము కాదు. మౌనము వహించుట, ఊదుచున్నట్లు నటించుట, కాలహరణము చేయుట గూడ నిరాకరణముగానే లెక్కింపబడవచ్చును. అటులే శ్వాసరోగముతో బాధపడువాడు చాలినంత ఊదలేకపోవచ్చును. దానిని వైద్యుని సాక్ష్యముతో ఆనాడే చూపవలసియుండును. వకీలుతో మాటలాడుటకు అవకాశమిచ్చినందువలన పరీక్షకు ఆలస్యము కాకున్నచో ఆ యవకాశమును కాదనరాదని న్యూయార్కు అత్యున్నత న్యాయస్థానము 1968లో చెప్పినది. ఇతర రాష్ట్రములన్నియు అట్లు చెప్పలేదు. కొన్నిచోట్ల వకీలును కోరుటయే నిరాకరణమగును. అందుచేత ఒక రాష్ట్రములో నేర్చిన పాఠము పొరుగు రాష్ట్రములో పనికిరాకపోవచ్చును. అమెరికాలో విద్యకొరకును, ఉద్యోగముకొరకును నివసించుచున్న తెలుగువారు వేలాదిగా ఉన్నారు. వారి బంధువులు ఈ సభలోనివారి యిండ్లలోను ఉండవచ్చును. రాష్ట్రము మారినచో చట్టము మారునను సంగతి వారికి తెలియుట మేలు. విదేశమందు లైసెన్సు పోవుటతో కష్టము ముగియదు. వీసా చిక్కులును వెన్నంటి రావచ్చును.

ఇక మన దేశము. మన రాజ్యాంగముయొక్క 20వ అధికరణము మూడవ ఖండము, నేరారోపణకు గురియైనవానిని తనకు విరుద్ధముగా సాక్ష్యమిచ్చునట్లు నిర్బంధింపరాదని చెప్పుచున్నది. వ్రేలిముద్రలు, చేతివ్రాత నమూనాలు ఇచ్చుట ఈ నిషేధము క్రిందికి వచ్చునా యను ప్రశ్న 1961లో కథి కాలు ఓఘడ్ కేసులో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు వచ్చినది. తన మనస్సులోని విషయమును తెలుపుట సాక్ష్యము. శరీరపు గుర్తులనిచ్చుట సాక్ష్యము కాదని మన సుప్రీం కోర్టు తీర్మానించినది. శ్మెర్బర్ తీర్పునకు అయిదేండ్ల ముందే ఢిల్లీలో ఆ భేదము గుర్తింపబడెనను విషయము గమనింపదగినది.

1988 నాటి మోటారు వాహనముల చట్టమున 185వ విభాగము 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు హద్దుగా నిర్ణయించినది. అమెరికాలోని సామాన్యపు హద్దులో ఇది సగముకంటె తక్కువ. 2019 నాటి సవరణతో మొదటి నేరమునకు ఆరు నెలలవరకు ఖైదుగాని, పదివేల రూపాయల జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. 203వ విభాగము క్రింద, సహేతుకమైన అనుమానమున్నపుడు, యూనిఫారములోనున్న పోలీసు అధికారి శ్వాసపరీక్ష కోరవచ్చును. కాదనినవాని శరీరమున మద్యమున్నదని అనుమానించుటకు కారణమున్నచో వారంటు లేకయే అరెస్టు చేయవచ్చును. అరెస్టయినవాని రక్తమును రిజిస్టరయిన వైద్యుడే తీయవలయును. స్త్రీ విషయమున స్త్రీ వైద్యురాలు తీయవలయును, లేదా మరియొక స్త్రీ సమక్షమున తీయవలయును. 205వ విభాగము నిరాకరణమునకు మన దేశపు వెలను నిర్ణయించినది: తగిన కారణము చూపనిచో, ఆ నిరాకరణమును ప్రాసిక్యూషను సాక్ష్యమును బలపరచు పరిస్థితిగా భావింపవచ్చును. బలపరచునదనగా, బలపరుపబడుటకు వేరొక సాక్ష్యముండవలయునని యర్థము. నిరాకరణమొక్కటియే గోడ కాదు. గోడకు చేర్చిన ఊత మాత్రమే.

పరీక్ష పోలీసులకు మాత్రమే ఉపకరించుననుట పొరపాటు. 1971లో మహారాష్ట్రనుండి వచ్చిన ఒక అప్పీలులో, నిందితుని నోట వాసన యున్నదనియు, నడక తడబడినదనియు, మాట ముద్దగా నున్నదనియు సాక్ష్యము చెప్పిరి. రక్తమును పరీక్షకు పంపిరి గాని, ఆ నివేదికను కోర్టులో దాఖలు చేయలేదు. అట్టి పైపై గుర్తులు చాలవని మన సుప్రీం కోర్టు చెప్పినది. నిరపరాధికి రసాయన పరీక్షయే రక్షయగు సందర్భములు గలవని దీనివలన తెలియుచున్నది. శిక్ష చట్టములో వ్రాసినంతవరకే యుండవలయుననుటకు తెలుగునేలపైనను ఒక నిదర్శనము కలదు. త్రాగి నడిపినారను కారణముతో వాహనములను నిర్బంధించుటను 2021లో తెలంగాణ హైకోర్టు ఆక్షేపించి, త్రాగని మరియొకరు వచ్చినచో వారికి వాహనమును అప్పగింపవలెనని ఆదేశించినది. నేరమును విడిచిపెట్టుమని ఆ తీర్పు చెప్పలేదు. చట్టమున లేని వెలను వసూలు చేయవద్దనినది.

ఈ సుదీర్ఘ వ్యాజ్యచరిత్రనుండి గ్రహింపవలసినది స్పష్టముగా నున్నది. సంఘక్షేమముకొరకు పౌరుని ఊపిరిని అడుగు అధికారము రాజ్యమునకు కలదు. నెత్తురు నడుగునపుడు ఆ యధికారము న్యాయాధికారి గడపయొద్ద ఆగవలసియున్నదని అమెరికా న్యాయస్థానములు చెప్పినవి. వైద్యుని చేతిమీదుగా, నియమములకు లోబడి మాత్రమే సాగవలయునని మన చట్టము చెప్పినది. కాదనిన పౌరుడు వెల చెల్లింపవలసియుండును. కాని ఆ వెల ముందుగా ప్రకటింపబడినదై, అర్థమగు భాషలో తెలుపబడినదై, పై న్యాయస్థానమున ప్రశ్నింపదగినదై యుండవలయును. అప్పీలుకు పోయిన చోదకులందరును నిర్దోషులు కారు. వారిలో పలువురు నిశ్చయముగా త్రాగియుండిరి. అయినను వారు వేసిన ప్రశ్నలవలన, ఏనాడును మద్యము ముట్టని పౌరునికి గూడ రహదారిపై తన హక్కు ఎంతవరకో తెలిసినది. అట్లే, కారు తాళపుచెవి చేత పట్టుకొనిన ప్రతివాడును తన చేతిలో ఎదుటివారి ప్రాణములు గూడ నున్నవని తెలిసికొనినచో, ఈ కేసులలో పెక్కింటికి కోర్టు ముఖము చూచెడి యవసరమే కలుగదు.